మధ్యధరా తీరంలో చేపల భోజనం: గ్రీసా, మార్సెయా, వాలెన్సియానా, నేపుల్సా?

యూరప్ టూరుకి వెళ్ళే మనవాళ్ళు విమానం టికెట్లు, హోటల్ గదులు, మ్యూజియం టికెట్లు అన్నీ నెలల ముందే బుక్ చేసుకుంటారు. సముద్రం ఒడ్డున ఓ పాతకాలపు చేపల హోటల్లో కూర్చుని తినే ఆ ఒక్క పూట మాత్రం "అక్కడికెళ్ళాక చూద్దాంలే" అని వదిలేస్తారు. తీరా వెళ్ళాక ఎండకి అలిసిపోయి, పిల్లలు ఆకలని గొడవ చేస్తుంటే, రేవు దగ్గర కనబడ్డ మొదటి హోటల్లో బొమ్మల మెనూ చూసి ఏదో ఒకటి చెప్పేస్తారు. చప్పటి ఫ్రోజెన్ రొయ్యలు తిని, మనిషికి 40 యూరోలు కట్టి బయటికొస్తారు. చేపలంటే ప్రాణం పెట్టేవాళ్ళకి ఇంతకంటే అన్యాయం ఉండదు.

షెంగెన్ వీసా మీద మన వాళ్ళు ఎక్కువగా వెళ్ళే మధ్యధరా దేశాలు నాలుగు: గ్రీసు, ఫ్రాన్స్ (మార్సెయ్), స్పెయిన్ (వాలెన్సియా), ఇటలీ (నేపుల్స్). నాలుగు చోట్లా చేపలు వండటం తెలిసిన పాత హోటళ్ళున్నాయి. రుచి ఎక్కడ బాగుంటుందని మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. మీరు ఎంతమంది, ఏ పూట తింటారు, టేబుల్ దగ్గర ఎవరెవరు ఉంటారు అని చూసుకుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం ధర కట్టే పద్ధతి. కొన్నిచోట్ల ప్లేటుకింత, కొన్నిచోట్ల మనిషికింత, కొన్నిచోట్ల చేప బరువుని బట్టి. గొడవలన్నీ ఈ మూడోదాని దగ్గరే వస్తాయి. గ్రీసులో మెనూ మీద 60 అని ఉంటే అది కిలో ధర. 700 గ్రాముల చేప తీసుకుంటే 42 యూరోలవుతుంది. ఇటలీలో 7 అని ఉంటే చాలామంది చేప ఏడు యూరోలే అనుకుంటారు. అది వంద గ్రాముల ధర. 800 గ్రాముల చేపకి 56 యూరోలు కట్టాలి. ఇందులో మోసమేమీ లేదు, అక్కడి పద్ధతే అంత. తెలియకుండా ఆర్డర్ చేస్తే మాత్రం బిల్లు చూశాక గుండె గుభేలుమంటుంది.

రెండోది, మనుషుల సంఖ్య, టైము. వాలెన్సియాలో రైస్ వంటకాలు ఇద్దరికి తక్కువ ఇవ్వరు, అదీ మధ్యాహ్నమే. మార్సెయ్‌లో పేరున్న వంటకం, బూయాబేస్ అనే చేపల పులుసు తినాలంటే ఒకటి రెండు రోజుల ముందే చెప్పాలి.

మూడోది ముళ్ళు. తల, తోకలతో పూర్తి చేప వస్తే మనకి సంతోషమే. పిల్లలకీ, ఫిలెట్లు మాత్రమే తినడం అలవాటైనవాళ్ళకీ అది కష్టం. నాలుగోది, మీతో వచ్చే శాకాహారులు. మన కుటుంబాల్లో ఒక్కరైనా ఉంటారు, వాళ్ళని ఖాళీ సలాడ్ ముందు కూర్చోబెట్టి మనం చేపలు తినడం బాగుండదు.

ఐదోది గైడ్లలో ఎవరూ రాయరు. ఆరోజు పడవలు సముద్రంలోకి వెళ్ళాయా లేదా అన్నది. స్పెయిన్ మధ్యధరా తీరంలో ట్రాలర్లకి (వల లాగే పెద్ద పడవలకి) శని, ఆదివారాలు సెలవు, అందుకే సోమవారం చాలా మంచి చేపల హోటళ్ళు తలుపులే తీయవు. మార్సెయ్‌లో మిస్ట్రాల్ గాలి లేస్తే చిన్న పడవలు రేవు దాటవు. గ్రీసు ఈజియన్ దీవుల్లో జులై, ఆగస్టుల్లో మెల్తెమి గాలి అదే పని చేస్తుంది.

| చోటు | ధర పద్ధతి | మనిషికి సుమారు ఖర్చు | ముందు చెప్పాలా | ముళ్ళ బాధ | శాకాహారికి |
|---|---|---|---|---|---|
| గ్రీసు | పెద్ద చేప కిలో లెక్కన, చిన్న చేపలు ప్లేటు లెక్కన | 20–35 యూరోలు | అక్కర్లేదు | ఉంటుంది | చాలా బాగుంటుంది |
| మార్సెయ్ | మనిషికింత | 60–90 యూరోలు | ఒకటి రెండు రోజుల ముందు | వాళ్ళే తీసి పెడతారు | కష్టం |
| వాలెన్సియా | రైస్ మనిషికింత, ఇద్దరికి తక్కువ కాకుండా | 30–40 యూరోలు | ఆదివారం తప్పనిసరి | దాదాపు ఉండదు | ఫర్వాలేదు |
| నేపుల్స్ తీరం | పాస్తా ప్లేటుకి, చేప వంద గ్రాములకి | 35–50 యూరోలు | రాత్రికైతే మంచిది | ఎంచుకున్నదాన్ని బట్టి | బాగుంటుంది |

ఈ ఖర్చులు మామూలు హోటళ్ళవి, మద్యం కలపకుండా వేసినవి. ఆగస్టులో, పేరున్న బీచుల పక్కన ఇంకా ఎక్కువవుతాయి.

గ్రీసు: చేపని చూసి ఎంచుకునేవాళ్ళకి

నన్నడిగితే, మొదటిసారి వెళ్ళే తెలుగు కుటుంబానికి గ్రీకు చేపల తవెర్నాని (చిన్న భోజనశాలని) మించింది లేదు. మెనూ మొత్తం చదవాల్సిన పని కూడా లేదు. లోపలికి వెళ్ళి "ఇవాళ ఏం వచ్చాయి?" అని అడిగితే వంటగది పక్కనున్న ఐసు పెట్టె దగ్గరికి తీసుకెళ్తారు. ఐసు మీద వరుసగా ఎర్రటి బర్బూనియా, వెండిలా మెరిసే చిపూరా, పొడుగాటి లవ్రాకి. మన బజార్లో చూసినట్టే చూడొచ్చు. కన్ను ఉబ్బి మెరుస్తోందా, మొప్ప ఎత్తితే లోపల ఎర్రగా ఉందా, వేలితో నొక్కితే గుంట పడుతోందా అని. ఎవరూ ఏమీ అనుకోరు, పైగా చేప తెలిసినవాళ్ళని చూసి వాళ్ళకీ హుషారొస్తుంది. మీరు వేలితో చూపించిన చేపని కాటా మీద పెట్టి బరువు చెప్తారు. "మొత్తం ఎంతవుతుంది?" అని అప్పుడే అడగాలి, వండాక కాదు. కాటా చూపించడానికి వెనకాడే హోటల్లో కిలో లెక్కన ఏదీ తీసుకోవద్దు.

వండే పద్ధతిలో హడావుడి ఉండదు. బొగ్గుల మీద కాల్చి, పైన ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి పోస్తారు. ఉప్పు, కొంచెం ఒరెగానో, అంతే. మొదటి ముద్దకి మనకి చప్పగా అనిపిస్తుంది. రెండు మూడు ముద్దలయ్యాక చేప అసలు తీపి నాలుకకి తెలుస్తుంది. బ్యాగులో ఆవకాయ పొట్లం ఉన్నా ఆ మొదటి చేప అయ్యేదాకా తీయకండి.

చిపూరా, లవ్రాకి అంత చవగ్గా ఎలా వస్తాయని అనుమానం రావచ్చు. అవి చాలావరకు సముద్రంలో వలల మధ్య పెంచినవి. ఈ రెండు చేపల పెంపకంలో యూరప్‌లో గ్రీసుది పెద్ద చెయ్యి. పెంచినవైనా తాజాగా ఉంటే బాగానే ఉంటాయి, కానీ వాటికి సముద్రంలో పట్టిన చేప ధర కట్టకూడదు. పట్టినదా, పెంచినదా అని అడిగితే మంచి హోటల్లో దాచకుండా చెప్తారు. ఫ్రోజెన్ వాటి పక్కన మెనూలో నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. ఆక్టోపస్, స్క్విడ్ పక్కన ఆ గుర్తు కనబడితే కంగారు పడక్కర్లేదు. ఆక్టోపస్ గడ్డకట్టి కరిగితే ఇంకా మెత్తబడుతుంది.

డబ్బు ఆదా చేయాలనుకునేవాళ్ళకి ఇక్కడో మంచి దారుంది. కిలో లెక్కన అమ్మే పెద్ద చేపల్ని వదిలేసి గావ్రోస్, సార్డీన్లు, మరీడా లాంటి చిన్న చేపల్ని ప్లేటు లెక్కన చెప్పండి. గావ్రోస్ అంటే మన నెత్తళ్ళ జాతే. పిండి అద్ది కరకరలాడేలా వేయిస్తారు, తలతో సహా తినేయొచ్చు. రెండు ప్లేట్లు చిన్న చేపలు, ఒక ప్లేటు ఉడికించిన ఆకుకూర హోర్తా, పప్పుని మెత్తగా చేసిన ఫావా, రొట్టె తీసుకుంటే ముగ్గురి కడుపు నిండుతుంది. ఆ ఫావా, హోర్తా, టమాటా సాస్‌లో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు, వేయించిన గుమ్మడి జాతి కాయలు, కాల్చిన చీజ్ ఇవన్నీ శాకాహారికి పండగే. వేపుళ్ళకి చేపలు వేయించిన నూనే వాడతారేమో అని మాత్రం పట్టింపు ఉన్నవాళ్ళు అడగాలి.

ఇంకో సంగతి. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టనక్కర్లేదని గ్రీకు మెనూల మీదే రాసి ఉంటుంది. ఆ హక్కుతో గొడవ పెట్టుకోమని కాదు, రసీదు అడిగి తీసుకోవడంలో మొహమాటం వద్దని.

ఎథెన్స్‌లోనే ఉంటే పిరేయస్‌లో మిక్రోలిమానో రేవు దగ్గర చేపల హోటళ్ళ వరుసే ఉంది. శాంటోరినీలో ఓయా కిందనున్న అమ్ముది రేవు చాలా అందంగా ఉంటుంది, కానీ అక్కడ ఆ అందానికి కూడా కలిపి కట్టాలి. నక్సోస్‌లోనో, క్రీట్‌లోనో చిన్న ఊళ్ళకి వెళ్తే అదే చేప తక్కువకి దొరుకుతుంది.

మార్సెయ్: ఒక్కసారే, కానీ సరిగ్గా తినాలనుకునేవాళ్ళకి

బూయాబేస్ పేరు వినని చేపల ప్రియులు తక్కువ. ఒకప్పుడు జాలర్లు అమ్ముడుపోని ముళ్ళ చేపలతో ఇంటికోసం వండుకున్న వంట ఇది. ఇప్పుడు మనిషికి 60 నుంచి 90 యూరోలు. అంత ధర ఎందుకు, ఎక్కడ న్యాయం, ఎక్కడ కాదు అన్నది తెలిస్తేనే మార్సెయ్ వెళ్ళాలి.

1980లో ఊళ్ళోని కొందరు హోటళ్ళవాళ్ళు కలిసి బూయాబేస్ ఎలా ఉండాలో ఒక చార్టర్ రాసుకున్నారు. రాళ్ళ మధ్య తిరిగే రాస్కాస్, గాలినెట్, వీవ్, సెయింట్ పియర్, బొద్రొవా, ఫియెలా లాంటి చేపల్లో కనీసం నాలుగు రకాలు ఉండాలి. పులుసు, చేపలు వేర్వేరుగా రావాలి. చేపల్ని మనముందే కోయాలి. ఈ చేపల్లో చాలావాటికి తల పెద్దది, ముళ్ళెక్కువ, మాంసం తక్కువ. నలుగురికి వండాలంటే కిలోల కొద్దీ కావాలి. కుంకుమపువ్వు ఖర్చు ఎలాగూ ఉంది. అందుకే 20 యూరోల బూయాబేస్ బోర్డు పాత రేవు దగ్గర ఎక్కడైనా కనబడితే అది మామూలు చేపల సూపే. సూపు తినాలనిపిస్తే తినండి, తప్పేం లేదు, బూయాబేస్ తిన్నామని అనుకోకండి.

సరైన చోట ఈ భోజనం ఎలా నడుస్తుందంటే, ముందు పచ్చి చేపల్ని ట్రేలో తెచ్చి ఒక్కోదాని పేరు చెప్పి చూపిస్తారు. అవి లోపలికి వెళ్ళాక, లోతైన పళ్ళెంలో ఇటుకరంగు పులుసు వస్తుంది. చిన్న చేపల్ని తలలూ ముళ్ళతో సహా టమాటా, ఉల్లి, వెల్లుల్లి, సోంపు మొక్క, ఆలివ్ నూనెతో ఉడికించి వడకట్టింది. పక్కన ఎండిన రొట్టె ముక్కలు, పచ్చి వెల్లుల్లి రెబ్బలు, రూయ్ అనే మిరప, వెల్లుల్లి, కుంకుమపువ్వు ముద్ద. రొట్టెకి వెల్లుల్లి రుద్ది, రూయ్ రాసి, పులుసులో వేసుకుని తినాలి. ఈ నాలుగు చోట్లలో మన నాలుకకి కాస్త కారం తగిలేది ఇక్కడే. పళ్ళెం ఖాళీ అయితే మళ్ళీ పోస్తారు. తర్వాత ఉడికిన చేపలు పెద్ద పళ్ళెంలో వస్తాయి. వెయిటర్ రెండు చెంచాలతో తల విడదీసి, వెన్నుముల్లు ఒక్క ముక్కగా పైకి లాగి, మాంసం మనకి వడ్డిస్తాడు. ఆ పనితనం చూడటానికే కొందరు వస్తారు.

మన చేపల పులుసుకి అలవాటుపడ్డ మనిషికి ఇది తిరగేసినట్టు ఉంటుంది. మనకి ముక్కలోకి పులుసు ఇంకాలి, రాత్రి వండింది మర్నాడు ఇంకా బాగుండాలి. వీళ్ళు చేప ఉడికీ ఉడకగానే తీసేస్తారు, రుచంతా పులుసులో విడిగా పెట్టుకుంటారు. ఈ తేడాని ఇష్టంగా గమనించేవాళ్ళకి ఆ డబ్బు దండగ కాదు. "పులుసు పలచగా ఉంది, పులుపు లేదు" అనిపించేవాళ్ళకి శుద్ధ దండగ. ఇంట్లో ఎవరు ఏ రకమో మీకే తెలుసు.

పాత రేవుకి నైరుతిన వల్లోన్ దెజ్ ఓఫ్ అని రాతి వంతెన కింద ఒక చిన్న జాలరి రేవుంది. పేరున్న బూయాబేస్ హోటళ్ళు అక్కడా, పాత రేవు చుట్టూ ఉన్నాయి. ఫోను చేసినప్పుడే బూయాబేస్ కావాలని, ఎంతమందని చెప్పాలి. ఉదయాన్నే పాత రేవు గట్టు మీద జాలర్లు చేపలమ్మే చోటికి వెళ్తే ఆ రాస్కాస్ బతికుండగా ఎలా ఉంటుందో చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. శాకాహారులకి ఇక్కడ చెప్పుకోదగ్గది పనిస్, శనగపిండి ఉడికించి ముక్కలుగా వేయించినది. కానీ బూయాబేస్ హోటల్లో అది ఉంటుందని నమ్మకం లేదు, విడిగా తినాల్సి రావచ్చు.

వాలెన్సియా: అన్నం లేకపోతే భోజనం కానివాళ్ళకి

పాయెల్లా అంటే వెడల్పాటి పెనంలో వండే అన్నం. వాలెన్సియా అసలు పాయెల్లాలో చేపలుండవు. కోడి, కుందేలు, చిక్కుడు ఉంటాయి. సముద్రపు రుచి కావాలంటే మెనూలో వేరే పేర్లు వెతకాలి. చేపల రసంలో ఉడికిన అన్నం అరోస్ అ బందా. రొయ్యలు, స్క్విడ్ అన్నీ పెంకు తీసి వేసేది అరోస్ దెల్ సెన్యొరెట్. స్క్విడ్ సిరాతో నల్లగా ఉండేది అరోస్ నెగ్రే. గాందియా వైపు పుట్టిన ఫిదెవాలో బియ్యం బదులు సేమ్యా ఉంటుంది.

పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే సెన్యొరెట్ చెప్పండి, కళ్ళు మూసుకుని తినొచ్చు. రసం బాగా కాచిన హోటల్లో మాత్రం అ బందా ముందు మిగతావేవీ నిలబడవని నా అభిప్రాయం. చూడటానికి పళ్ళెంలో పసుపు రంగు అన్నం తప్ప ఏమీ కనబడదు, రుచంతా గింజలో ఉంటుంది. ఊరికి దక్షిణాన అల్బుఫెరా సరస్సు చుట్టూ పండే బియ్యం అంత రసం తాగి కూడా ముద్దవదు. పెనం వెడల్పుగా, అన్నం వేలెడు మందం కూడా లేకుండా ఉండాలి. అడుగున కరకరలాడే పొర కోసం చెంచాతో గీకి తినడం అక్కడ మర్యాదే.

మధ్యాహ్నం ఒకటిన్నర, రెండు దాకా వంట మొదలవదు. ఆర్డర్ ఇచ్చాక ఇంకో అరగంట. షుగర్ ఉన్న అమ్మానాన్నలతో వెళ్తే మధ్యలో ఏదైనా తినిపించి తీసుకెళ్ళండి. రాత్రి పూట పాయెల్లా బోర్డు పెట్టేది ఎక్కువగా టూరిస్టుల కోసమే. లా పెపికా లాంటి పాత హోటళ్ళు బీచ్ ఒడ్డునే ఉన్నాయి, అది 1898 నాటిది. శాకాహారులకి కూరగాయల రైస్ ఉంటుంది కానీ అదీ ఇద్దరికి తక్కువ ఇవ్వరు. రసం దేంతో చేశారో తప్పక అడగాలి. 2022 చట్టం ప్రకారం స్పెయిన్ హోటళ్ళు కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి. ఫ్రాన్స్‌లోనూ జగ్గు నీళ్ళు అడిగితే డబ్బు తీసుకోరు. ఇటలీలో సీసా కొనాల్సిందే.

నేపుల్స్ తీరం: తీరిగ్గా తినే ఇద్దరికి

ఇక్కడ పెద్ద చేప దగ్గర డబ్బు పెట్టొద్దని నా సలహా. మెనూలో ధర బదులు ఎస్, క్యూ అక్షరాలుంటే బరువు లెక్కన అన్నమాట. దాన్ని వదిలేసి, ధర రాసి ఉన్నవాటిలోనే ఆనందం ఎక్కువ. మిరియాలు దండిగా వేసి ఆవిరి మీద తెరిచిన మస్సెల్స్ (ఆల్చిప్పల జాతి), చిన్న చేపల వేపుడు, గవ్వల్లాంటి వోంగొలె వేసిన స్పగెట్టి. ఈ స్పగెట్టి మీద చీజ్ అడగొద్దు, ఎండుమిరప అడిగితే సంతోషంగా ఇస్తారు. కొపెర్తో అని కూర్చున్నందుకు మనిషికి ఒకటి నుంచి మూడు యూరోలు బిల్లులో వస్తుంది, అది మామూలే. పచ్చి చేపలు ఇష్టపడేవాళ్ళకి ఒక మాట: పచ్చిగా వడ్డించే చేపని మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు ఉంచాలని యూరప్ నిబంధన. గర్భిణులు మాత్రం పచ్చివాటి జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ఎవరికి ఏది

పిల్లలు, ఒక శాకాహారి, లెక్క చూసుకునే బడ్జెట్ ఉన్న కుటుంబానికి గ్రీసు. నాలుగింటిలో తప్పు జరిగే అవకాశం తక్కువున్న చోటు అదే. అన్నం తినందే కడుపు నిండని అమ్మానాన్నలతో వెళ్తే వాలెన్సియా మధ్యాహ్నం. జర్మనీలోనో మరోచోటో చదువుకుంటూ ఒంటరిగా తిరిగే విద్యార్థికి గ్రీకు చిన్న చేపల ప్లేటు, లేదా నేపుల్స్‌లో ఒక వోంగొలె స్పగెట్టి. స్పెయిన్‌లోనే ఉంటే పనిదినాల్లో మధ్యాహ్నం మెనూ దెల్ దియా (ఆరోజు భోజనం) వెతకండి, కొన్నిచోట్ల ఆరోజు రైస్ ఒక్కరికి కూడా వడ్డిస్తారు. చేపల పిచ్చి ఉన్న నలుగురు స్నేహితులు కలిసి వెళ్తే మాత్రం ఇంకో ఆలోచన వద్దు, మార్సెయ్‌లో ఒక పూట బుక్ చేసి, మిగతా పూటలు శాండ్‌విచ్‌తో సరిపెట్టుకోండి.

రొయ్యలు, పీతలు పడనివాళ్ళు ఉంటే నాలుగు చోట్లా ఆర్డర్ ముందే చెప్పాలి. యూరప్ చట్టం ప్రకారం హోటళ్ళు 14 రకాల అలెర్జీ పదార్థాల వివరం ఇవ్వాలి. అందులో చేపలు, రొయ్యల జాతి, గవ్వల జాతి మూడూ విడివిడిగా ఉన్నాయి. కానీ వాలెన్సియా రసంలో, మార్సెయ్ పులుసులో ఏదేది ఉడికిందో విడదీయలేరు. అలాంటివాళ్ళకి గ్రీసులో బొగ్గుల మీద కాల్చిన చేపే సురక్షితం, అదీ విడి పెనం మీదో గ్రిల్ మీదో కాలుస్తారా అని అడిగాక. మద్యం ముట్టనివాళ్ళు మస్సెల్స్‌లో వైట్ వైన్ పోస్తారా అని అడగాలి, చాలాచోట్ల పోస్తారు.

మీరు వెళ్ళిన వారం గాలి తగ్గకపోతే పట్టిన చేప కోసం పట్టుబట్టకండి. రేవులో పడవలన్నీ కట్టేసి ఉన్న రోజు ఐసు మీద కనబడే చేప ఎప్పటిదో ఎవరు చెప్పగలరు? ఆ రోజుకి పెంపకంలో వచ్చే మస్సెల్స్, ఫ్రోజెన్ ఆక్టోపస్, ఉప్పులో ఊరిన కాడ్ చేప లాంటివి చెప్పండి, వాటికి గాలితో పని లేదు. బూయాబేస్ బుక్ చేసి ఉంటే ఉదయమే ఫోను చేసి నాలుగు రకాలూ దొరికాయా అని అడగండి. దొరకలేదంటే మర్నాటికి మార్చమనండి.